బయట గ్రిల్ ఎందుకు మండలేదు: ఒక క్యాంపర్ వ్యాన్ గ్యాస్ లైన్ కేసు

ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ. వ్యాన్ లోపలి స్టవ్ బ్రహ్మాండంగా మండుతోంది, అదే సిలిండర్ నుంచి బయటికి లాగిన పైపుకి గ్రిల్, అంటే చేపలూ అవీ కాల్చే పొయ్యి, తగిలిస్తే మాత్రం మంట అగరబత్తి మీద నిప్పంత కూడా లేదు. సిలిండర్ నిండుగా ఉంది, పైపు కొత్తది, గ్రిల్ కూడా కొత్తదే, అమెరికాలో వెలిగించి చూసుకుని మరీ తెచ్చారు. మరి గ్యాస్ ఎక్కడ ఆగిపోతోంది?

బండి పాలకొల్లు దగ్గర ఒక రిటైర్డ్ లెక్చరర్ గారిది, మాస్టారు అంటే చాలు ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఫోర్స్ ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, రెండు బెర్తులు, ఒక సింకు, చిన్న వంటగట్టు పెట్టించారు. గట్టు మీద మామూలు రెండు బర్నర్ల ఇంటి స్టవ్వే. వెనక డోరు పక్కన గ్యాస్ పెట్టె, అందులో 5 కిలోల సిలిండర్, దాని మీద లోప్రెషర్ రెగ్యులేటర్, అక్కడి నుంచి రాగి పైపు. బండి పక్క వైపు ఒక బయటి పాయింటు కూడా ఇచ్చారు. పని చేసింది వేరే ఊరి వర్క్‌షాప్. నేను హోటళ్లకీ కల్యాణ మండపాలకీ గ్యాస్ లైన్లు వేసేవాణ్ణి, ఈమధ్య ఇలాంటి బండ్లు కూడా వస్తున్నాయి. ఎవరొచ్చినా ముందు అడిగేది ఆర్‌సీలో మార్పు రాయించారా అని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం మారిస్తే ఆర్టీఓ అనుమతి ఉండాలి, అది లేకపోతే రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాడు మొదట పట్టుకునేది అదే. మాస్టారు రాయించుకున్నారు. సిలిండర్ కూడా ఇంటి కనెక్షన్‌ది కాదు, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కునే 5 కిలోల ఫ్రీ ట్రేడ్ సిలిండర్. చాలామంది ఇక్కడే తప్పుతారు, ఆయన తప్పలేదు.

సంక్రాంతికి అల్లుడు డల్లాస్ నుంచి వచ్చారు. అల్లుడొస్తే గోదావరి జిల్లాల్లో అత్తగారింట ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు, కానీ ఈసారి లెక్క కాస్త తిరగబడి అల్లుడే మామగారికి సూట్‌కేసులో ఒక పోర్టబుల్ గ్రిల్లూ, ఒక రెండు బర్నర్ల క్యాంప్ స్టవ్వూ తెచ్చారు. అంతర్వేది వెళ్లి సముద్రం ఒడ్డున చేపలు కాల్చుకుందామని ప్లాను. ఆ రెండూ అక్కడ షాపుల్లో దొరికే ఒక పౌండు ప్రొపేన్ బుడ్డి మీద నడిచే సరుకు. 465 గ్రాములుండే ఆకుపచ్చ బుడ్డి అది, వాడి పారేసే రకం. మన ఊళ్లలో దొరకదు, విమానంలో తేనివ్వరు. అందుకని ఆయన ముందే ఆన్‌లైన్లో చూసి ఇత్తడి అడాప్టర్లు కొని పెట్టుకున్నారు, వ్యాన్ బయటి పాయింటు నుంచి పైపు లాగి గ్రిల్‌కి బిగించారు. మరలు ఎక్కాయి, వాసన రాలేదు, మంటా రాలేదు.

నాకు ఫోన్ వచ్చింది అప్పుడు. ఫోన్లో అల్లుడు గారు అడిగిన మాట వినగానే నాకు టెన్షన్ మొదలైంది.

"వ్యాన్ రెగ్యులేటరే గ్యాస్‌ని ఆపేస్తోందండీ. దాన్ని తీసేసి సిలిండర్ నుంచి డైరెక్ట్‌గా లైన్‌కి ఇచ్చేస్తే గ్రిల్‌కి దాని రెగ్యులేటర్ ఎలాగూ ఉంది కదా, సరిపోతుంది కదా?"

"అయ్య బాబోయ్, వద్దండి. సిలిండర్ కట్టేసి ఏదీ ముట్టుకోకుండా ఉంచండి, నేనొస్తున్నాను."

ఆయన తర్కంలో సగం కరెక్టే, అందుకే అది ప్రమాదకరం. గ్రిల్ వరకూ చూస్తే ఆయన చెప్పింది నిజంగానే పనిచేస్తుంది, గ్రిల్ శుభ్రంగా మండుతుంది కూడా. కానీ అదే లైన్ మీద లోపల ఇంటి స్టవ్ ఉంది. దానికి రెగ్యులేటర్ లేదు, వ్యాన్ రెగ్యులేటరే దిక్కు. మన ఇంటి రెగ్యులేటర్ బయటికిచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. సిలిండర్ లోపల, మన ఎండకి, ప్రొపేన్ బ్యూటేన్ ఏ పాళ్లలో కలిపారన్నదాన్ని బట్టి, అదే చదరపు సెంటీమీటరుకు 5 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంటే నూట యాభై రెట్లకు పైనే. ఆ ఒత్తిడి నేరుగా స్టవ్ నాబ్ మీదికీ, నాజిల్‌కి తొడిగిన రబ్బరు ట్యూబు మీదికీ వస్తే నాబ్ కట్టేసి ఉన్నా గ్యాస్ బయటికి తన్నుకొస్తుంది, ట్యూబు ఊడినా ఊడుతుంది. అదీ తలుపులు మూసుకునే బండిలో, బెర్తు కింద. ఎల్పీజీ గాలి కంటే బరువు, ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు, కాబట్టి పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో 2 శాతం చేరితే చాలు, అంటుకోవడానికి.

వెళ్లి మొదట చేసిన పని కొలవడం. దీనికి ఖరీదైన మీటరేమీ అక్కర్లేదు. సన్నటి ట్రాన్స్‌పరెంట్ పైపుని యు ఆకారంలో ఒక చెక్కకి కట్టి, సగం వరకు రంగు నీళ్లు పోసి, ఒక కొస గ్యాస్ లైన్‌కి, రెండో కొస గాలికి వదిలేస్తే సరి. చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములంటే సరిగ్గా 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు, రెండు వైపుల నీటి మట్టాలకి తేడా టేపుతో కొలుచుకోవచ్చు. సిలిండర్ ఒత్తిడికి మాత్రం దీన్ని తగిలించకూడదు, నీళ్లు మొహాన కొడతాయి.

స్టవ్, గ్రిల్ రెండూ కట్టేసి ఉన్నప్పుడు నీటి తేడా 34. ఏమీ వెలగనప్పుడు రెగ్యులేటర్ కాస్త ఎక్కువ చూపించడం మామూలే. లోపల పెద్ద బర్నర్ వెలిగించగానే 30కి దిగింది, అక్కడే నిలబడింది. అంటే వ్యాన్ రెగ్యులేటర్‌లో తప్పులేదు. బయటి పాయింటు దగ్గర గ్రిల్ నాబ్ పూర్తిగా తిప్పి చూస్తే 29. అంటే పైపులోనూ అడ్డంకి లేదు. ఇక గ్రిల్ రెగ్యులేటర్ దాటాక, జెట్టుకి, అంటే బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే సన్న రంధ్రం ముక్కకి, ముందు ఒక టీ జాయింటు పెట్టి చూశాను. నీళ్లు 2 సెంటీమీటర్ల దగ్గర ఊగుతున్నాయి. అల్లుడు గారు వంగి చూసి, "ఓ, ఇక్కడా!" అన్నారు. మాస్టారైతే పిల్లలకి ప్రాక్టికల్ చూపిస్తున్నట్టు పక్కింటి కుర్రాణ్ణి కూడా పిలిచి చూపించారు.

రెగ్యులేటర్ లోపల ఏముంటుందో తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. ఒక రబ్బరు డయాఫ్రమ్, దాని మీద స్ప్రింగు, కింద ఒక చిన్న రంధ్రం, ఆ రంధ్రాన్ని మూసే సీటు. అవతల ఒత్తిడి తగ్గితే స్ప్రింగు సీటుని తెరుస్తుంది, పెరిగితే డయాఫ్రమ్ మూస్తుంది. గ్రిల్‌తో వచ్చిన రెగ్యులేటర్‌ని తయారు చేసింది ప్రొపేన్ బుడ్డి కోసం. శుద్ధ ప్రొపేన్ 30 డిగ్రీల దగ్గర దాదాపు 10 కిలోల ఒత్తిడితో ఉంటుంది. అంత ఒత్తిడితో తోస్తుంటే ఎంత సన్నటి రంధ్రమైనా సరిపోతుంది కాబట్టి సన్నటి రంధ్రమే పెట్టారు. దానికి మనం 30 గ్రాములు ఇచ్చాం. పాపం డయాఫ్రమ్ పూర్తిగా దిగిపోయి, సీటు బార్లా తెరుచుకుని ఉన్నా, ఆ రంధ్రంలోంచి పోగలిగిన గ్యాస్ అంతే. జెట్టు నుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడికి వర్గమూలంలో తగ్గుతుంది, 28 ఉండాల్సిన చోట 2 ఉంటే గ్యాస్ నాలుగో వంతుకి పడిపోతుంది. పైగా జెట్టు వేగం తగ్గితే అది లాక్కునే గాలి కూడా తగ్గుతుంది, అందుకే ఆ మంట చిన్నదే కాదు, పసుపుగా సోలిపోతూ కూడా ఉంది.

రెండు రెగ్యులేటర్లు వరసగా పెట్టడమే తప్పని దీన్నిబట్టి కొందరు తేల్చేస్తారు. అదీ కాదు. అమెరికాలో ఆర్‌వీలకి, అంటే ఇలా ఇల్లులా మార్చిన బండ్లకి, వచ్చేవే రెండు దశల రెగ్యులేటర్లు, పెద్ద హోటల్ లైన్లలో నేనూ అలాగే వేస్తాను. మొదటిది సిలిండర్ ఒత్తిడిని ఒక మధ్య స్థాయికి దించుతుంది, రెండోది ఆ మధ్య స్థాయి నుంచి బర్నర్ స్థాయికి దించుతుంది. రెండోదాన్ని ఆ మధ్య ఒత్తిడికి తగ్గట్టే తయారు చేస్తారు. ఇక్కడ జరిగింది అది కాదు, ఒత్తిడిని అట్టడుగుకి దించాక మళ్లీ దించమని అడిగాం.

కాబట్టి గ్రిల్ విషయంలో దారి సులువు. దాని వెనక ప్లేటు మీద బర్నర్ ఒత్తిడి 11 అంగుళాల నీటి ఎత్తు అని రాసి ఉంది. 11 అంగుళాలంటే 28 సెంటీమీటర్లు. మన లైన్ ఇచ్చేది 30. అంటే గ్రిల్ రెగ్యులేటర్ చేయాల్సిన పని వ్యాన్ రెగ్యులేటర్ అప్పటికే చేసేసింది, గ్రిల్‌ది తీసేస్తే చాలు. తీసేశాను. దాని చోట గ్రిల్ సొంత నాబ్‌కి ముందు ఒక ఫ్లేర్ కనెక్షన్, అంటే పైపు కొసని గరాటులా విప్పి నట్టుతో బిగించేది, పెట్టి, మామూలు లోప్రెషర్ పైపు ఇచ్చాను. జెట్టు ముట్టుకోలేదు. అందరూ చూస్తుండగా వెలిగించారు, ఈ కొస నుంచి ఆ కొస దాకా మంట పరుచుకుంది. జెట్టు ముందు కొలిస్తే 28.

తీసేసిన రెగ్యులేటర్‌ని పారేయొద్దని, గ్రిల్ పెట్టెలోనే ఒక కవర్లో వేసి, దాని మీద 'బుడ్డికి మాత్రమే' అని రాసి పెట్టమన్నాను. ఎందుకంటే రేపు ఈ గ్రిల్‌ని ఎవరైనా మళ్లీ బుడ్డికి తగిలించాలనుకుంటే, రెగ్యులేటర్ లేకుండా తగిలించారో, 10 కిలోల ఒత్తిడి తిన్నగా ఆ పలచటి నాబ్ మీదికి వస్తుంది. గ్రిల్ మీద కూడా పెయింట్ పెన్‌తో 'లోప్రెషర్ లైన్ మాత్రమే' అని రాశాను. ఈ రాతలు చూసి నవ్వేవాళ్లున్నారు, నవ్వనీయండి.

కానీ పని అయిపోలేదు. మంట పెద్దదయ్యాక దాని కొసలు పసుపుగా లేస్తున్నాయి. మాస్టారి భార్య, మేం అమ్మగారూ అంటాం, పెనం తిప్పి చూపించి, "ఇదేంటయ్యా, మసి పడుతోంది, మీ కొత్త పొయ్యి కంటే మా పాత కిరసనాయిలు స్టవ్వే నయం" అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే, సరిచేయాల్సిన విషయమే. ఆ గ్రిల్ జెట్టుని శుద్ధ ప్రొపేన్‌కి కొలిచి పెట్టారు. మనకొచ్చే ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది, బ్యూటేన్ వాటా ఎక్కువే ఉంటుంది. అదే రంధ్రం, అదే ఒత్తిడి అయినా బ్యూటేన్ కలిసిన గ్యాస్‌కి వేడి ఎక్కువ, దానికి గాలి కూడా ఎక్కువ కావాలి. యూరప్‌లో క్యారవాన్లకి చాలాకాలం బ్యూటేన్‌కి 28, ప్రొపేన్‌కి 37 మిల్లీబార్ల రెగ్యులేటర్లు వేరువేరుగా పెట్టడంలో కిటుకు ఇదే, బ్యూటేన్‌కి ఒత్తిడి తగ్గించి అదే జెట్టుతో రెండిటికీ సమానమైన వేడి రాబట్టేవారు. మన కేసులో లెక్కకట్టి చూస్తే గ్రిల్ తన రేటింగ్ కంటే పది శాతం దాకా ఎక్కువ వేడి ఇస్తోంది. అది ప్రమాదమేమీ కాదు గానీ గాలి చాలక మసి వస్తోంది. బర్నర్ మొదట్లో గాలి తీసుకునే చోట చిన్న షట్టరు, దానికో స్క్రూ ఉంది. అది వదులు చేసి షట్టరు కొద్దికొద్దిగా తెరుస్తూ పోతే పసుపు తగ్గి నీలం అయింది. మరీ తెరిస్తే మంట బర్నర్ నుంచి ఎగిరి నిలబడుతుంది, బుస్సుమని చప్పుడొస్తుంది, అక్కడి నుంచి ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పి బిగించాను. షట్టరు లేని గ్రిల్లులు కూడా ఉంటాయి, అప్పుడు నాబ్ కాస్త తగ్గించి వాడుకోవడమే.

ఇక క్యాంప్ స్టవ్. దీని దగ్గర అల్లుడు గారికీ నాకూ కాస్త వాదన జరిగింది. గ్రిల్‌కి చేసిందే దీనికీ చేసేయండి అన్నారు. దీని ప్లేటు మీద బర్నర్ ఒత్తిడి అంగుళాల్లో లేదు, పౌండ్లలో ఉంది. జెట్టు విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టి చూపించాను, రంధ్రం కంటికి ఆనదు. గ్రిల్ జెట్టు పక్కన పెడితే తేడా తెలిసింది ఆయనకి. ఈ స్టవ్ రెగ్యులేటర్ ఒత్తిడిని కొంతే దించుతుంది, బర్నర్ దగ్గరికి కూడా గట్టి ఒత్తిడితోనే గ్యాస్ వెళ్లాలి, అందుకే అంత సన్నటి జెట్టు. రెగ్యులేటర్ తీసేసి మన 30 గ్రాముల లైన్ ఇచ్చామనుకోండి, కిలో ఒత్తిడికి కొలిచిన జెట్టు అయితే గ్యాస్ ఆరో వంతుకి పడిపోతుంది. టీ కూడా కాగదు.

"అయితే జెట్టు రంధ్రం పెద్దది చేయించండి, గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర సన్న డ్రిల్ బిట్లుంటాయి కదా" అన్నది ఆయన రెండో ఐడియా. ఈ ఐడియా నాకు చాలామంది చెప్పారు. జెట్టు ఒక్కటే మారిస్తే చాలదు. గట్టి ఒత్తిడి మీద వచ్చే గ్యాస్ గాలిని ఎంత లాక్కుంటుందో చూసుకుని ఆ బర్నర్ గొట్టం, గాలి రంధ్రాలు తయారు చేశారు. ఒత్తిడి తగ్గించి జెట్టు పెంచితే గాలి చాలదు, మంట పసుపు, మసి, దాంతో పాటు కార్బన్ మోనాక్సైడ్. దీనికి అసలు దారి వ్యాన్ రెగ్యులేటర్‌కి ముందే, సిలిండర్ నోటి దగ్గరే టీ పెట్టి, ఒక కొమ్మ వ్యాన్‌కీ, ఇంకో కొమ్మ హైప్రెషర్ పైపుతో క్యాంప్ స్టవ్‌కీ ఇవ్వడం. అమెరికాలో ఆర్‌వీ వాళ్లు చేసేది అదే, అక్కడ సిలిండర్‌కి రెగ్యులేటర్ మరతో బిగుస్తుంది కాబట్టి మధ్యలో టీ ఇరికించే వీలుంది. మన సిలిండర్ వాల్వు నొక్కితే తెరుచుకునే రకం, దాని మీద రెగ్యులేటర్ టక్కున కూర్చుంటుంది, మధ్యలో టీకి చోటే లేదు. ఎవరో తయారు చేసిన అడాప్టర్లు బజార్లో దొరకవని కాదు, ఐఎస్ఐ మార్కు లేని ఇత్తడి ముక్కని 5 కిలోల ఒత్తిడి మీద, కదిలే బండిలో నేను పెట్టను.

తేల్చింది ఏమిటంటే, క్యాంప్ స్టవ్‌ని వ్యాన్ గ్యాస్‌కి తగిలించడం లేదు. అది డల్లాస్ తిరిగి వెళ్తుంది. దాని బదులు బయట వంటకి మన మామూలు రెండు బర్నర్ల స్టవ్ ఒకటి, తేలికది, కొనమన్నాను. అది పుట్టిందే 30 గ్రాముల కోసం, అడాప్టర్ లేదు, జెట్టు గొడవ లేదు. అల్లుడు గారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు, అంత దూరం నుంచి మోసుకొచ్చాను అన్నారు. నిజమే గానీ ఏం చేస్తాం.

ఇంతలో అమ్మగారిది ఇంకో కోరిక. బంధువులందరూ వస్తే నాటుకోడి వండటానికి కేటరింగ్ వాళ్ల పెద్ద భట్టీ ఒకటి ఇంట్లో ఉంది, దాన్నీ వ్యాన్‌కి కలపొచ్చా అని. భట్టీకి హైప్రెషర్ రెగ్యులేటర్ కావాలి, అది ఒక అడ్డంకి. దానికంటే పెద్దది సిలిండర్ సైజు. భట్టీ గంటకు కిలో పైన గ్యాస్ తాగుతుంది. సిలిండర్‌లో ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, అది బయటి గాలి నుంచి సిలిండర్ గోడల ద్వారానే రావాలి. 5 కిలోల బుడ్డికి గోడ ఎంతని? కాసేపట్లో సిలిండర్ చల్లబడి ఒళ్లంతా చెమట పడుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, మంట నీరసిస్తుంది. అప్పుడు జనం చేసే పని సిలిండర్ మీద వేడి నీళ్లు పోయడం, లేదా పక్కకి పడుకోబెట్టడం. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది, ద్రవం ఆవిరైతే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది, ఆ మంట ఎలా ఉంటుందో నేను ఒక పెళ్లిలో చూశాను, వంటవాడి కనుబొమ్మలు పోయాయి. అమ్మగారికి ఇదంతా చెప్పేలోపే ఆవిడే తేల్చేశారు: "పోనీలే బాబూ, తోటలో ఎండు మట్టలూ డొక్కలూ బోలెడు, మూడు రాళ్లు పెడితే అయిపోతుంది." గోదావరి జిల్లాల్లో నాటుకోడికి అంతకంటే మంచి పొయ్యి నాకూ తెలియదు.

ఫిర్యాదుకి సంబంధం లేకపోయినా, అసలు భయపడాల్సినవి బండి లోపల దొరికాయి. బయటి పాయింటు దగ్గర ఆన్‌లైన్ అడాప్టర్ అరంగుళం అమెరికన్ మర, అది ఎక్కింది మన బ్రిటిష్ మరలోకి. అరంగుళం సైజులో రెండిటికీ అంగుళానికి 14 చుట్లే, అందుకే మొదట హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, బిగిసింది కదా అనుకుంటాం. కానీ పళ్ల కోణం వేరు, ఒకటి 60 డిగ్రీలు, ఇంకోటి 55. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా పళ్ల మధ్య దారి మిగులుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి బ్రష్‌తో రాస్తే, ఒక్కచోట, బఠాణీ గింజంత బుడగ, పెరిగి పగిలి మళ్లీ పెరుగుతోంది. సముద్రం గాలిలో ఆ వాసన ఎవరికి తెలుస్తుంది? ఆ పాయింటు మొత్తం మార్చి, గ్యాస్ బాల్ వాల్వు పెట్టి, దాని తర్వాత ఫ్లేర్ జాయింటు ఇచ్చాను. ఫ్లేర్‌కి టేపు చుట్టకూడదు, లోహం లోహం మీద కూర్చోవాలి, టేపు చుడితే అదే లీకు.

గ్యాస్ పెట్టె అడుగున గ్యాస్ దిగిపోవడానికి రంధ్రం ఉండాలి, అరచేయంత అయినా ఉండాలి. వర్క్‌షాప్ వాళ్లు రంధ్రం చేశారు, తర్వాత చప్పుడు రాకుండా సిలిండర్ కింద రబ్బరు మ్యాట్ పరిచేశారు! రంధ్రం మీదే. మ్యాట్ కోసి, కింద జాలీ పెట్టాను, సైలెన్సర్ అటు పక్క లేదని చూసుకున్నాను. పెట్టె నుంచి బండి లోపలికి రాగి పైపు వెళ్లే చోట వేలు దూరేంత సందు, రేకు అంచు పైపుని కోస్తూ ఉంది. అక్కడ రబ్బరు గ్రొమ్మెట్ వేసి సీల్ చేయాల్సొచ్చింది. ఇంకోటి, బండి కొబ్బరితోట షెడ్డులో నెలల తరబడి ఉంటుంది కదా, రెగ్యులేటర్‌కి ఊపిరి పీల్చుకునే చిన్న రంధ్రం ఒకటుంటుంది, గుండుసూది తల పట్టేంత, దాన్ని కందిరీగ మట్టిగూడుతో సగం మూసేసింది. అది పూర్తిగా మూసుకుపోతే డయాఫ్రమ్ కదల్లేక ఒత్తిడి ఇష్టమొచ్చినట్టు పోతుంది. పుల్ల పెట్టి పొడిస్తే డయాఫ్రమ్ చిరుగుతుంది, రెగ్యులేటరే మార్చడం మంచిది, మార్చాం. ఉప్పుగాలికి ఎలాగూ పైన స్ప్రింగు క్యాప్ తుప్పు పట్టడం మొదలైంది.

అన్నీ అయ్యాక చివరి పరీక్ష. నాబ్‌లన్నీ కట్టేసి, సిలిండర్ తెరిచి మూసి, యు గొట్టం తగిలించి కూర్చున్నాం. మాస్టారు గడియారం పట్టుకున్నారు. పది నిమిషాలకి నీటి మట్టం కదల్లేదు. మార్చిన పైపులు ఆరంజ్ రంగు సురక్షా ట్యూబులు, ఐఎస్ఐ మార్కు, మీటరున్నర దాటనీయలేదు, మార్చాల్సిన సంవత్సరం ట్యూబు మీదే రాశాను.

వాడకం గురించి మాస్టారికి చెప్పినవి కొన్ని. బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ తీసి సిలిండర్‌కి మూత పెట్టాలి, ముఖ్యంగా నర్సాపురం దగ్గర పంటు, అంటే బండ్లని గోదావరి దాటించే పడవ, ఎక్కి సఖినేటిపల్లికి దాటేటప్పుడు, అటూ ఇటూ బండ్లు ఇరుక్కుని ఉంటాయి, పక్కవాడు బీడీ వెలిగిస్తాడు. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే, బెల్టుతో. అంతర్వేదిలో గాలి గ్రిల్ మంటని ఆర్పేస్తుంది, ఆరిపోతే గ్యాస్ ఆపే ఏర్పాటు దానికి లేదు, కాబట్టి దాన్ని వెలిగించి వదిలేసి నీళ్లలోకి దిగకూడదు. గాలికి అడ్డం రేకు పెట్టుకోండి, పైపుని రేకు లోపలికి రానివ్వకండి. వాన పడితే గ్రిల్‌ని బండిలోకి తేవడం అసలు కుదరదు. లోపలి స్టవ్ వాడేటప్పుడు కూడా పైన కిటికీ తెరవాలి, ఏసీ కోసం అన్నీ మూసి వంట చేయొద్దు. గ్యాస్ డిటెక్టర్ ఒకటి నేలకి దగ్గరగా పెట్టించాను, కార్బన్ మోనాక్సైడ్‌ది వేరే, బెర్తు దగ్గర.

బయల్దేరబోతుంటే అల్లుడు గారు ఇంకోటి అడిగారు. వెనక చిన్న బాత్రూమ్ కట్టి, దాంట్లో ఇన్‌స్టంట్ గ్యాస్ గీజర్ పెడితే ఎలా ఉంటుందని, లైన్ ఎలాగూ ఉంది కదా అని. నిమిషానికి 6 లీటర్ల నీళ్లు 25 డిగ్రీలు వేడి చేయాలంటే పది కిలోవాట్ల పైన కావాలి, అంటే గంటకు కిలోకి దగ్గరగా గ్యాస్, గ్రిల్ తీసుకునేదానికి మూడు నాలుగు రెట్లు. ఆ రెగ్యులేటర్, ఆ సన్న రాగి పైపు అంత ఇవ్వలేవు, ఇంకెవరైనా స్టవ్ వెలిగిస్తే రెండూ నీరసిస్తాయి. అది పైపు మార్చి సరిచేయొచ్చు. కానీ మంచం అంత బాత్రూమ్‌లో, తలుపు వేసుకుని, పొగ బయటికి పోయే గొట్టం లేని గీజర్ కింద స్నానం చేస్తే జరిగేది కార్బన్ మోనాక్సైడ్, దానికి రంగూ వాసనా ఉండవు. ఇళ్లలోనే ఏటా దీంతో ప్రాణాలు పోతున్నాయి. గీజర్ పెట్టనని చెప్పేశాను. మాస్టారు కూడా నా వైపే మాట్లాడారు, కరెంటు పాయింటు ఉన్న చోట బండి ఆపినప్పుడు బకెట్‌లో హీటర్ రాడ్ చాలు అన్నారు. ఆ రాడ్డు స్విచ్చు కట్టేసే నీళ్లు ముట్టుకోవాలని, ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టొద్దని చెప్పి వచ్చాను.